ఆరు గంటలు

2023 నవంబర్లో మేం అరకు బయల్దేరినప్పుడు పెద్దవాళ్లిద్దరికీ కలిపి ఒక సంచి, పిల్లలకి మూడు సంచులు. రెండేళ్ల రెండు నెలల కవలలు, ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లాడు. పాలసీసాలు, ఫ్లాస్కు, డైపర్లు, జ్వరం మందు, వాంతుల మందు, ఉన్ని టోపీలు, అది లేకపోతే వాడికి నిద్రపట్టని నా పాత నూలుచీర ముక్క. అన్నీ నేనే సర్దాను. సర్దుతున్నట్టు ఎవరికీ తెలియకుండా సర్దాను. ఎందుకంటే ఇది 'నాకు విశ్రాంతి కోసం' పెట్టుకున్న ప్రయాణం. మా సహచరుడు (మన పత్రికల్లో భర్తని అలాగే అనాలి కదా, ఆ మాటకి తగ్గట్టు ఉన్న రోజులూ ఉన్నాయి, లేని రోజులూ ఉన్నాయి) "బాగా అలిసిపోయావు, రెండ్రోజులు కొండమీద హాయిగా పడుకుందువుగాని" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. పిల్లలు కూడా వస్తున్నారన్న సంగతి మాత్రం ఆ మాటలో లేదు.

విశాఖలో ఉదయం ఏడు కాకుండానే కిరండూల్ ప్యాసింజర్ ఎక్కాం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకి దింపి జపానుకి పంపడానికి 1960లలో వేసిన దారి అది. మనుషుల రైలు దాని మీద తర్వాత వచ్చి చేరిన సౌకర్యం. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలు. పెద్దవాళ్లకి సొరంగం సరదా. రెండేళ్ల పిల్లలకి పట్టపగలు లోకం మాయమైపోవడం. మొదటి సొరంగంలో ఇద్దరూ గుక్కపట్టి ఏడ్చారు. మూడోదానికి పాప చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. బాబు నా మెడ వదల్లేదు. శివలింగపురం దాటాక నా ఒళ్లో వాంతి చేసుకున్నాడు. ఆ లోయలు ఎంత అందంగా ఉన్నాయో నేను తర్వాత ఫోటోల్లో చూశాను.

అరకులో దిగేసరికి ఎండలో కూడా చలి. పొలాల్లో వలిసె పూలు పసుపు దుప్పటి పరిచినట్టున్నాయి. అంత డబ్బు పోసి కొన్న పిల్లల తోపుడుబండి ఆ ఎగుడుదిగుడు రోడ్ల మీద వంద గజాలు కూడా నడవలేదు. మా పక్కనుంచి సంతకి పోతున్న ఆడవాళ్లు పిల్లల్ని గుడ్డతో వీపుకి కట్టుకుని, నెత్తిన బుట్టతో, చేతులు ఊపుకుంటూ వెళ్లిపోతున్నారు. నేను ఒక చంకన పాపని, ఇంకో చేత్తో మడతపెట్టిన బండిని మోస్తూ గిరిజన మ్యూజియంలోకి వెళ్లాను. అక్కడ మట్టి బొమ్మల్లో కూడా ఒక తల్లి, వీపున బిడ్డ. బాబు ఆ బొమ్మని చూసి "అమ్మ" అన్నాడు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. అప్పుడు నాకు నవ్వే ఓపిక లేదు.

ఆ రాత్రి మేం దిగిన లాడ్జి మేనేజరు వేడినీళ్ల బక్కెట్టు పంపిస్తూ, "పిల్లల్ని ఎత్తుకోడానికి మనిషి కావాలంటే చెప్పండి మేడమ్, పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఉంటది, 500 ఇస్తే చాలు" అన్నాడు. నేను మా ఆయన వంక చూశాను. ఆయన మర్నాడు అనంతగిరి వైపు కాఫీ తోటలు చూడ్డానికి మిత్రుడితో బండి మాట్లాడుకుని ఉన్నాడు. "పెట్టుకో, నీకు రెస్టు దొరుకుతుంది" అన్నాడు. పెట్టుకున్నాను.

పొద్దున్న తొమ్మిదింటికి వచ్చిందామె. పాతికేళ్లుంటాయేమో. పది నిమిషాల్లో పిల్లల పేర్లు కనుక్కుని, పలకడం కూడా నేర్చుకుంది. బాబుని వీపుకి కట్టుకుంది, పాపని నడిపించుకుంటూ వరండా చివరికి తీసుకెళ్లి దూరంగా పోతున్న గూడ్సు బండిని చూపించింది. వాడు ఏడవలేదు. నా చీరముక్క అడగలేదు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆమె ఇటు తిరిగినప్పుడు జాకెట్టు మీద రెండు తడి మచ్చలు కనిపించాయి. ఆమె చీర చెంగు సర్దుకుంది.

ఇప్పుడు నేను రాయాల్సింది ఈ క్షణం గురించే. మిగతాదంతా దీని చుట్టూ తిరగడమే.

నాకు తెలిసిపోయింది. ఊహించాల్సిన పని లేదు, ఎవరూ చెప్పాల్సిన పని లేదు. జీతంతో ఆరు నెలల సెలవు అయిపోయి 2022 మార్చిలో నేను కాలేజీకి తిరిగి వెళ్లినప్పుడు, రెండో పీరియడ్ అయ్యేసరికి నా జాకెట్టు కూడా అలాగే తడిసేది. స్టాఫ్ రూములో చెంగు కప్పుకుని, పుస్తకాలు గుండెకి అడ్డం పెట్టుకుని నడిచిన రోజులు. ఎక్కడో ఏదో పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే చాలు, పాలు దానంతటవే వచ్చేవి. పక్క డిపార్టుమెంటు అధ్యాపకుడు నా మొహం చూడకుండా మచ్చ చూసి తల తిప్పుకున్నాడొకసారి. ఆ అవమానం మీద నేను ఒక వ్యాసం రాశాను కూడా. దేహం గురించీ, పని చోటు గురించీ. బాగుందని చాలామంది ఉత్తరాలు రాశారు.

అంత తెలిసిన నేను, ఆ పొద్దున ఒక్క ప్రశ్న అడగలేదు. "నీకు చంటిబిడ్డ ఉందా?" అని నాలుగు మాటలు. అడిగితే ఆమె ఉందని చెబుతుంది. చెబితే నేను ఏదో ఒకటి చెయ్యాలి. కనీసం ఇంటికి వెళ్లి పాలిచ్చి రమ్మనాలి. అప్పుడు నా నిద్ర పోతుంది. ఈ లెక్కంతా నా బుర్రలో ఒక్క రెప్పపాటులో జరిగిందని నాకు ఇప్పుడు స్పష్టంగా తెలుసు. మాటల్లో జరగలేదు. కానీ జరిగింది. తలుపు దగ్గరగా వేసి, వెళ్లి పడుకున్నాను.

ఆ నిద్ర గురించి కూడా రాయాలి, ఎందుకంటే అబద్ధం ఆడకూడదు. రెండేళ్ల తర్వాత పగటిపూట నాలుగు గంటలు ఏకధాటిగా పడుకున్నాను. లేచాక చేతులు తేలిగ్గా ఉన్నాయి. కాసేపు నేనెవరి తల్లినీ కాదు. పిల్లల్ని కన్న ఏ స్త్రీ అయినా ఆ నిద్రకి ఎంత ధరైనా పెడుతుంది. దాన్ని నేరమని నేను అనలేను, ఇంకొకరిని అననివ్వను. తల్లికి అలుపే ఉండదనీ, ఉన్నా పైకి చెప్పకూడదనీ మన అమ్మలకి నేర్పిన నీతిని మళ్లీ నెత్తికెత్తుకోవడానికి ఈ వ్యాసం రాయడం లేదు.

లేచి స్నానాల గదిలోకి వెళ్తే వాష్ బేసిన్ అంచున తెల్లటి చుక్కలు. సరిగ్గా కడిగినా రెండు మూడు మిగిలిపోయాయి. నేనూ కాలేజీలో అలాగే పిండి పారబోసేదాన్ని, నొప్పి భరించలేక. నా పిల్లలకి ఇంట్లో ఫ్రిజ్‌లో దాచిన పాలు ఉండేవి, పట్టడానికి మా అమ్మ ఉండేది.

బయట ఆమె పిల్లలకి చోడి అంబలి తాగిస్తోంది. నేను తెచ్చిన డబ్బా తిండి ముట్టలేదట. మూతులకి అంబలి పూసుకుని ఇద్దరూ నవ్వుతున్నారు. నేను వరండాలో కూర్చుని పుస్తకం తెరిచాను. చదివానో లేదో గుర్తులేదు. మూడు దాకా కూర్చున్నాను. అప్పటికైనా అడగొచ్చు. ఇంకో గంటన్నరేగా, ఇప్పుడు అడిగి ఏం లాభం అనుకున్నాను. ఆలస్యమైపోయిందనేది కూడా ఒక సాకే, చాలా మర్యాదగా కనిపించే సాకు.

మూడింటికి డబ్బులిస్తూ మొదటిసారి ఆమె పేరడిగాను. చెప్పింది. ఇక్కడ రాయను. "ఇంటికాడ పిల్లలున్నారా?" అని ఆమె యాసని అనుకరిస్తున్నట్టు అడిగాను. ఎందుకలా మాట్లాడానో, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఉన్నారమ్మా, ఇద్దరు. చిన్నదానికి అయిదో నెల."

"మరి ఎవరు చూస్తున్నారు?"

"పెద్దది సూస్తాది. ఎనిమిదేళ్లు."

ఆ రోజు బడి ఉన్న రోజు. నేను అనుకున్న 500తో పాటు ఇంకో 500 కలిపి ఇచ్చాను. ఆమె లెక్కపెట్టుకుంది, ఎక్కువొచ్చిందని ఆశ్చర్యపోలేదు, దండం పెట్టలేదు. నాకది హాయిగా అనిపించింది. తర్వాత అడిగింది: "రేపు రానా అమ్మా?"

ఇంత చదువు చదివాను. ఆ ప్రశ్నకి సమాధానం ఇప్పటికీ లేదు. రమ్మంటే ఆ బిడ్డ ఇంకో ఆరు గంటలు పాలు లేకుండా, ఆ పెద్దపిల్ల ఇంకో రోజు బడి లేకుండా. వద్దంటే ఆ ఇంటికి 500 లేకుండా. నా అంతరాత్మ శుభ్రంగా ఉండడం కోసం ఆమె కూలి పోగొట్టే హక్కు నాకెక్కడిది? పోనీ, ఆమె కూలి నిలబెట్టడం కోసమే నేను పడుకుంటున్నానని చెప్పుకునేంత మొహం నాకుందా?

మూడో దారి తోచింది. "పాపని కూడా తీసుకురా, పెద్దదాన్ని బడికి పంపించు" అన్నాను. ఆమె ఏమీ అనకుండా మేనేజరు గది వైపు చూసింది. నేనే వెళ్లి అతనికి చెప్పాను. కొంచెం గర్వంగానే చెప్పానేమో. "అలాగే మేడమ్, మీ ఇష్టం" అన్నాడు.

మర్నాడు ఆమె రాలేదు. ఇంకొక అమ్మాయి వచ్చింది. వయసెంతంటే పదహారంది. పదమూడు మించవు. "ఈ పిల్ల అయితే ఇబ్బంది లేదు మేడమ్, పిల్లల గొడవ లేదు" అన్నాడు మేనేజరు. నేను ఆ పిల్లని వెనక్కి పంపేశాను. అంతకుముందు ఆమెని రమ్మని కబురు పెట్టమంటే, ఊరు దూరం, ఇప్పుడు కుదరదన్నాడు. మా ఆయన ఇదంతా విని, "నీ స్త్రీవాదం పుణ్యమా అని ఇద్దరికీ కూలి పోయింది" అన్నాడు.

నాకు కోపం వచ్చింది, ఎందుకంటే అందులో నిజం ఉంది. అయితే ఆ మాట ఆయన అనడంలో ఉన్న సౌకర్యాన్ని కూడా చూడకుండా ఉండలేను. ఈ మొత్తం కథలో ఇద్దరు ఆడవాళ్లం, ఒక ఎనిమిదేళ్ల ఆడపిల్ల, ఒక పదమూడేళ్ల ఆడపిల్ల. 500 నా పర్సులోంచే తీశాను. అసలు నేను ఆమెని ఎవరి స్థానంలో పెట్టుకున్నాను? నా స్థానంలో అని అందరం అనుకున్నాం, నేను కూడా. నిజానికి కాఫీ తోటలకి వెళ్లిన మనిషి స్థానంలో. ఆ ఆరు గంటలు ఆయన పిల్లల్ని చూసుకుని ఉంటే నాకు అదే నిద్ర దొరికేది. కానీ ఆ అవకాశం మా ఇద్దరి ఆలోచనలోకీ రాలేదు. పని ఆడవాళ్ల మధ్య చేతులు మారినట్టే, దాని తాలూకు అపరాధభావం కూడా ఆడవాళ్ల మధ్యే తిరిగింది. ఆయన ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. ఈ వాదన సరైనదే. ఒక్క సందేహం: నన్ను నేను నిలదీసుకోవాల్సి వచ్చినప్పుడల్లా ఇది నాకు చాలా త్వరగా గుర్తొస్తోంది.

ఆర్లీ హోచ్‌షీల్డ్ 2000లో 'సంరక్షణ గొలుసు' గురించి రాసింది. ధనిక దేశంలో ఉద్యోగం చేసే స్త్రీ పిల్లల్ని పేద దేశం నుంచి వచ్చిన స్త్రీ చూసుకుంటుంది, ఆమె పిల్లల్ని సొంతూళ్లో ఇంకా పేద స్త్రీ, ఆ స్త్రీ పిల్లల్ని ఆమె పెద్దకూతురు. ఈ పాఠం నేను క్లాసులో చెప్పాను. బోర్డు మీద బాణాలు గీసి మరీ చెప్పాను. ఆ గొలుసుకి సముద్రాలు దాటాల్సిన అవసరం లేదని, విశాఖ నుంచి అరకుకి ఉన్న సుమారు 115 కిలోమీటర్లు చాలని నాకు తెలియక కాదు. ఆ కొసన ఉన్న పెద్దకూతురికి ఎనిమిదేళ్లని మాత్రం నా బాణాలు ఎప్పుడూ చెప్పలేదు.

మన సాహిత్యం ఈ విషయంలో ఎక్కడ ఉంది? విమల 'వంటిల్లు' చదివి కదిలిపోని మనిషి మనలో లేదు. ఇంటి చాకిరీ మీద అంత తీవ్రంగా మాట్లాడడం మనకి అప్పుడే వచ్చింది. ఆ తర్వాత దళిత స్త్రీలు, బహుజన స్త్రీలు వచ్చి, మీ ఇంటి చాకిరీలో మేం ఎక్కడున్నాం అని అడిగారు. గోగు శ్యామల కూర్చిన 'నల్లపొద్దు' చేతికొచ్చాక ఆ ప్రశ్న వినలేదని అనడానికి ఎవరికీ వీల్లేకుండా పోయింది. మనం విన్నాం. సభల్లో ఒప్పుకున్నాం. నేనూ ఒప్పుకున్నాను. ఒప్పుకోవడం ఒక అలవాటైపోతే దానికీ పెద్ద ఖర్చేం ఉండదు.

మహాశ్వేతాదేవి 'స్తనదాయిని' ఉంది. పాలిచ్చి ఇచ్చి ఒక పెద్దింటి పిల్లలందరినీ పెంచిన జశోద చివరికి రొమ్ము క్యాన్సరుతో దిక్కులేక చనిపోతుంది. ఎన్నోసార్లు చదివిన కథ. చదివిన ప్రతిసారీ నేను జశోద పక్కనే నిలబడ్డాను. హల్దార్ల ఇంటి కోడళ్లలో ఒకతెని నేనేనేమో అని ఎన్నడూ తోచలేదు. అయినా అరకులో జరిగింది ఆ కథ కాదు. ఆమె నా పిల్లలకి పాలివ్వలేదు. ఆ పాలు ఎవరికీ దక్కలేదు, వాష్ బేసిన్లోకి పోయాయి. దాది పాలకి కనీసం ఒక లెక్క, ఒక తిండిగింజల ఒప్పందం ఉండేది. ఇక్కడ నేను కొన్నది కాపలా. దాని ధర 500. పారబోసిన పాలు ఏ లెక్కలోనూ లేవు. ఆ రెండో 500 దానికి ధర అనుకుందామని ప్రయత్నించాను. ఒక పసిదాని ఆకలికి నేను ధర కట్టి, దాని తల్లికి చెల్లించి, రసీదు పుచ్చుకున్నట్టు అనిపించింది.

మరి న్యాయమైన ధర అని ఒకటి ఉంటుందా? వెయ్యి ఇస్తే? రెండువేలిస్తే? ఎక్కువ ఇవ్వడం తక్కువ ఇవ్వడం కంటే మంచిదే, ఇందులో అనుమానం లేదు, డబ్బుని చిన్నచూపు చూడడం డబ్బున్నవాళ్ల అలవాటు. కానీ నన్ను పట్టి కుదిపేది ధర కాదు. నాకు తెలుసు, తెలిసీ తెలియనట్టు ఉన్నాను. తెలియకపోవడం తప్పు కాకపోవచ్చు. తెలుసుకోకుండా ఉండడానికి తలుపు దగ్గరగా వెయ్యడం వేరు. ప్రసవ సెలవుల చట్టానికి 2017లో సవరణ వచ్చి 26 వారాలైంది, యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే గది ఉండాలంది. మా కాలేజీలో ఆ గది లేదు. దాని కోసం మేం మెమోరాండాలు ఇచ్చాం, అడిగాం, అలిగాం. అవసరమే. అదే దేశంలో, జీతాల పట్టీలో పేరు లేని తల్లికి 2013 ఆహార భద్రత చట్టం చెప్పింది 6,000 రూపాయలకి తగ్గకుండా ఇవ్వాలని. 2017 నుంచి మాతృ వందన పథకం కింద మొదటి కాన్పుకి ఇస్తున్నది 5,000, అదీ వాయిదాల్లో. రోజుకి 500 కూలి లెక్కన పది రోజులు. అయిదో నెలలో ఆమె పనికెందుకొచ్చిందో తెలుసుకోవడానికి వేరే పరిశోధన అక్కర్లేదు.

తిరుగు ప్రయాణంలో బొర్రాలో దిగాం. లోపలికి మెట్లు, తడి, గబ్బిలాలు. ఇద్దరు పిల్లలతో దిగడం కుదరదు. ముందు ఆయన వెళ్లొచ్చాడు. తర్వాత నువ్వు వెళ్లు, నేను చూసుకుంటానన్నాడు, ముందురోజు మాటలు మనసులో ఉన్నాయేమో. బాబు నన్ను వదల్లేదు. నేను వెళ్లలేదు. బయట రాతిమీద కూర్చుని పిల్లలకి ఆవు కథ చెప్పాను: పైన మేస్తున్న ఆవు కన్నంలోంచి లోపలికి పడిపోయిందట, వెతుక్కుంటూ వెళ్లిన పశువుల కాపరికి గుహలో శివలింగం కనిపించిందట. అక్కడి నీళ్లకి గోస్తని అని పేరు. ఆవు పొదుగు అని అర్థం. ఆ ఏరే తాటిపూడి రిజర్వాయరు దాకా దిగి, విశాఖలో మా కుళాయిల్లోకి వస్తుంది. మిగిలింది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ చుట్టుపక్కల గనుల లీజుల మీద నడిచిన కేసులోనే 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకూడదని 1970 నించీ గట్టి చట్టం ఉంది. ఎంత అమలవుతోందో అక్కడి లాడ్జీలు చూస్తే సందేహం వస్తుంది, అయినా చట్టమంటూ ఉంది. కొండ మీద నుంచి కిందికి దిగే మిగతావాటికి, ఇలాంటి ఆరు గంటలకి, ఏ చట్టమూ లేదు.

ఇంటికొచ్చాక నాలుగైదు సార్లు ఆ లాడ్జికి ఫోన్ చెయ్యాలనుకున్నాను. ఏమని? ఆమెకి క్షమాపణ చెబుదామనా? నా క్షమాపణ వినడానికి ఆమె మళ్లీ ఒక పూట పని మానుకుని మేనేజరు ఫోన్ దగ్గరికి రావాలి. చెయ్యలేదు. ఇది కూడా తలుపు దగ్గరగా వెయ్యడమేనా అని అడిగితే, కాదని గట్టిగా చెప్పలేను.

మొన్న మా కాలేజీలో కొత్తగా చేరిన అమ్మాయి, ఏడాదిన్నర బిడ్డ తల్లి, ఫోన్ చేసింది. "అక్కా, మీరు అరకు వెళ్లారట కదా, అక్కడ పిల్లల్ని చూసుకోడానికి ఎవరైనా దొరుకుతారా? నేను నిద్రపోయి ఏడాదిన్నరైంది" అంది. ఆ గొంతు నాకు బాగా తెలుసు. "దొరుకుతారు" అన్నాను. నంబరు కూడా ఇచ్చాను. తర్వాత చెప్పాల్సింది ఫోన్లో చెప్పేది కాదనిపించి, సాయంత్రం ఇంట్లో ఉంటావా అని అడిగాను.